చిక్కటి ఆయిల్ పోయించే ముందు: బైకు ముందు ఫోర్కు డ్యాంపింగ్‌ను మెరుగుపరచుకునే పద్ధతి

బెంగళూరులో బైకు నడిపే మన తెలుగువాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: "ముందు షాకుల్లో ఏ నంబరు ఆయిల్ పోయిస్తే బాగుంటుంది?" వారమంతా మారతహళ్లి, కె.ఆర్.పురం హంపుల మీద ఎగిరెగిరి పడి, శనివారం తెల్లవారుజామున అనంతపురం వైపో మదనపల్లె వైపో బయలుదేరేవారికి ఈ సందేహం రావడం సహజమే. బ్రేకు పట్టగానే బండి ముక్కు నేలకు కుంగుతుంది, హంపు దాటాక ముందు చక్రం రెండు మూడు సార్లు ఊగుతుంది, వంపులో చిన్న గుంత తగిలితే హ్యాండిల్ వణుకుతుంది. గ్యారేజీకి వెళ్తే "ఇప్పత్తు నంబర్ హాక్‌బిడోణ సార్" అంటారు, అంటే ఇరవై నంబరు ఆయిల్ పోసేద్దామని. నేనూ ఒకప్పుడు ఆ మాట నమ్మి పోయించుకున్నాను. ముక్కు కుంగడం కొంత తగ్గిన మాట నిజమే కాని, హోసూరు దాటేసరికి అరచేతులు తిమ్మిరెక్కాయి.

ఫోర్కు, అంటే ముందు షాకులు, ఊగిపోకుండా ఆయిల్ ప్రతిఘటనతో అదుపు చేయడాన్నే డ్యాంపింగ్ అంటారు. దానిని మెరుగుపరచడంలో ఆయిల్ నంబరు మూడో మెట్టు. మొదటిది ఫోర్కు ఆరోగ్యం, రెండోది మీ బరువుకు తగిన స్ప్రింగు. ఈ వరుసను పాటిస్తే చాలామందికి మూడో మెట్టు దగ్గరే పని పూర్తవుతుంది, నాలుగోదైన ఎమ్యులేటర్ (ఫోర్కులో ఆయిల్ దారిని అదుపు చేసే అదనపు వాల్వు) కొనవలసిన అవసరమే రాదు.

ఏ బైకులకు ఈ పద్ధతి పనికొస్తుంది

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, ఇంటర్‌సెప్టర్ 650, పాత 411 సీసీ హిమాలయన్, పల్సర్ 150 వంటి బైకుల్లో ఉండే మామూలు టెలిస్కోపిక్ ఫోర్కులకు, అంటే లోపల ఒక డ్యాంపర్ రాడ్, ఒక స్ప్రింగు, కొంత ఆయిల్ మాత్రమే ఉండే ఫోర్కులకు, ఈ పద్ధతి వర్తిస్తుంది. కేటీఎం డ్యూక్ 390లో ఉన్నట్టు పైపు కిందికి, లావుపాటి భాగం పైకి ఉండే తలకిందుల ఫోర్కును దీనిని చూసి విప్పవద్దు, ఎందుకంటే దాని లోపలి అమరిక వేరు, పనిముట్లు వేరు.

సిద్ధాంతం ఒక్క ముక్కలో చెబుతాను. ఫోర్కు కుంగేటప్పుడు ఆయిల్ డ్యాంపర్ రాడ్ అడుగున ఉన్న రంధ్రాల గుండా దూరుతుంది, తిరిగి లేచేటప్పుడు రాడ్ పైభాగంలో ఉన్న ఒకటి రెండు చిన్న రంధ్రాల గుండా దూరుతుంది. రంధ్రం సైజు మారదు కాబట్టి, కదలిక వేగం రెట్టింపైతే ప్రతిఘటన సుమారు నాలుగు రెట్లవుతుంది. బ్రేకు పట్టినప్పుడు ఫోర్కు నెమ్మదిగా కుంగుతుంది కనుక అక్కడ ప్రతిఘటన చాలదు. గుంత అంచు తగిలినప్పుడు వేగంగా కుంగుతుంది కనుక అక్కడ ప్రతిఘటన మితిమీరుతుంది. చిక్కటి ఆయిల్ పోస్తే ఈ రెండూ కలిసి పెరుగుతాయి. నా అరచేతుల తిమ్మిరికి కారణం ఇదే.

కావలసినవి

మీ బైకు సర్వీసు మాన్యువల్ మొదట సంపాదించండి. ఆయిల్ కొలత, బోల్టుల టార్క్ అందులో నుంచే తీసుకోవాలి, మరో బైకు అంకెలు వాడకూడదు. దానితో పాటు ఇవి కావాలి:

- రింగు స్పానర్లు, పొడవాటి అలెన్ కీలు, టార్క్ రెంచ్, స్టీలు స్కేలు
- కొత్త ఆయిల్ సీళ్లు, డస్ట్ సీళ్లు, ఫోర్కు అడుగు బోల్టులకు కొత్త రాగి వాషర్లు, ఫోర్కు క్యాపులకు కొత్త ఓ-రింగులు
- ఒకే బ్రాండు ఫోర్కు ఆయిల్, రెండు కాళ్లకూ సరిపడేటంత, కొంచెం ఎక్కువగానే
- కొలత గీతలున్న జగ్గు, మందుల షాపులో దొరికే 50 లేదా 60 మి.లీ. సిరంజి, దానికి తొడగడానికి అక్వేరియంలో వాడే సన్నని గొట్టం
- ఒక ప్లాస్టిక్ కేబుల్ టై, ఒక నోటుబుక్కు

సీళ్లు, వాషర్ల కోసం జె.సి.రోడ్డుకు వెళ్లండి, పాత సీలును చేతిలో పట్టుకుని వెళ్లండి. బైకు పేరు చెబితే ఇచ్చే సీలుకూ మీ పైపు మందానికీ ఒక్కోసారి పొంతన ఉండదు. సీలు మీదనే లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం అంకెల్లో ముద్రించి ఉంటాయి, ఆ మూడూ సరిచూసుకోండి. చెన్నైలో ఉన్నవారికి జనరల్ ప్యాటర్స్ రోడ్డు, పుదుపేట ఇదే పనికి వస్తాయి.

ఇంజిన్ ఆయిల్ మిగిలింది కదా అని ఫోర్కులో పోయవద్దు. డబ్బా మీద ఉండే 10డబ్ల్యు, 15డబ్ల్యు అనే గుర్తులను కూడా పూర్తిగా నమ్మవద్దు, ఎందుకంటే ఒక కంపెనీ 10డబ్ల్యు ఆయిల్ మరో కంపెనీ 15డబ్ల్యు అంత చిక్కగా ఉండడం మామూలే. 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎన్ని సెంటీస్టోక్సులో (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) కంపెనీ వివరపత్రంలో చూసి పోల్చుకోండి. ఆ వివరం ఇవ్వని ఆయిల్‌ను నేను కొనను.

విప్పకముందు చేయవలసిన పరీక్షలు

టైరులో గాలి మాన్యువల్ చెప్పినంత ఉందో లేదో మొదట చూడండి. ఇది మరీ చిన్న మాటలా అనిపిస్తుంది గాని, గాలి ఎక్కువైన టైరును గట్టి ఫోర్కుగా పొరబడినవారిని చాలామందిని చూశాను. తరువాత ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, ఫోర్కు అడుగు భాగాలను పట్టుకుని ముందుకు వెనుకకు ఊపండి. టక్కుమని ఆట తెలిస్తే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) వదులైంది, ముందు దానిని సరిచేయాలి. పైపు మీద సీలు తిరిగే భాగంలో తుప్పు గుంటలున్నాయేమో గోటితో తడిమి చూడండి. గోరు తగులుకునేటంత గుంట ఉంటే ఎంత మంచి సీలు వేసినా కొద్దిరోజుల్లోనే ఆయిల్ కారుతుంది, అప్పుడు పైపు మార్చక తప్పదు.

సాగ్ కొలవడం

మీరు కూర్చున్నప్పుడు ఫోర్కు ఎంత కుంగుతుందో ఆ కొలతనే సాగ్ అంటారు. ఈ కొలత తీయకుండా డబ్బు ఖర్చు పెట్టవద్దని గట్టిగా చెబుతాను.

1. ముందు చక్రం నేలను తాకకుండా బండిని నిలబెట్టి, డస్ట్ సీలు అంచు నుంచి కింది టీ (ఫోర్కు కాళ్లను పట్టి ఉంచే అడ్డ దిమ్మె, పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి) అడుగు వరకు కనిపించే మెరుపు పైపు పొడవును కొలవండి. దీనిని 'అ' అనుకోండి.

2. మీరు రోజూ వేసుకునే జాకెట్, హెల్మెట్, బ్యాగుతో సహా బండి మీద కూర్చోండి. కాళ్లు ఫుట్‌రెస్టుల మీద ఉండాలి, ఒకరు వెనుక నుంచి బండిని నిటారుగా పట్టుకోవాలి, మరొకరు కొలవాలి. కొలిచే మనిషి ముందుభాగాన్ని మెల్లగా కిందికి నొక్కి, తనంతట తాను లేచి ఆగాక కొలవాలి. తరువాత ముందుభాగాన్ని మెల్లగా పైకి ఎత్తి, తనంతట తాను దిగి ఆగాక మళ్లీ కొలవాలి. ఈ రెండింటి సగటు 'ఆ'.

3. 'అ' నుంచి 'ఆ' తీసివేస్తే వచ్చేది మీ సాగ్.

ఒక ఉదాహరణ చూడండి. 'అ' 130 మి.మీ., నొక్కి వదిలాక 84, ఎత్తి వదిలాక 92 అనుకుందాం. సగటు 88, కాబట్టి సాగ్ 42 మి.మీ. రోడ్డు మీద నడిపే బైకుకు ఫోర్కు మొత్తం ప్రయాణంలో సుమారు 30 నుంచి 35 శాతం సాగ్ ఉంటే మంచిది. క్లాసిక్ 350 ఫోర్కు ప్రయాణం 130 మి.మీ. కనుక దానికి 39 నుంచి 45 మి.మీ. సరిపోతుంది. ఇంటర్‌సెప్టర్‌కు ఉన్నది 110 మి.మీ. కనుక 33 నుంచి 38 చాలు. పాత హిమాలయన్‌కు 200 మి.మీ. ఉంది కనుక 60 నుంచి 70 వరకు కుంగినా కంగారు పడనక్కరలేదు.

పై ఉదాహరణలో 84కూ 92కూ మధ్య ఉన్న 8 మి.మీ. తేడా ఫోర్కులోని రాపిడిని చెబుతుంది. అది మరీ ఎక్కువైతే మీ సమస్య డ్యాంపింగ్ కాదు, ఫోర్కు ఎక్కడో బిగుసుకుంటోంది. కారణం వంగిన పైపైనా కావచ్చు, చక్రం ఇరుసును వంకరగా బిగించడమైనా కావచ్చు. రెండో కారణమే ఎక్కువసార్లు కనబడుతుంది, దాని మందు 12వ అంచెలో ఉంది.

సాగ్ తీయడం పూర్తయ్యాక పైపుకు కేబుల్ టై ఒకటి, జరిగేటంత వదులుగా కట్టి, డస్ట్ సీలు మీదికి జరిపి, మీరు రోజూ వెళ్లే దారిలో ఒకసారి వెళ్లిరండి. టై ఎంత పైకి జరిగిందో కొలిస్తే ఫోర్కు ఎంత వరకు వాడకంలోకి వచ్చిందో తెలుస్తుంది. నోటుబుక్కులో రాసుకోండి.

ఫోర్కును విప్పడం

4. బండిని మెయిన్ స్టాండు మీద నిలబెట్టి, ఇంజిన్ కింద చెక్క దిమ్మె పెట్టి జాకీతో ముందు చక్రాన్ని లేపండి. సైలెన్సర్ వంపు కింద జాకీ పెట్టవద్దు. మెయిన్ స్టాండు లేని బైకును ఒంటరిగా లేపే ప్రయత్నం చేయకండి, రెండో మనిషి ఉండాలి.

5. చక్రాన్ని ఊడదీయకముందే పై టీ బోల్టులను వదులు చేసి, కింది టీ బోల్టులు బిగువుగా ఉండగానే ఫోర్కు క్యాపులను పావు మలుపు వదులు చేయండి. ఈ క్రమం మరిచిపోతే, ఫోర్కు బయటికి వచ్చాక క్యాపును తిప్పడానికి పైపును వైస్‌లో బిగించవలసి వస్తుంది. వైస్ దవడలు పైపును గీరాయంటే ఆ పైపు పని అయిపోయినట్టే.

హెచ్చరిక: క్యాపు కింద స్ప్రింగు ఒత్తిడితో కూర్చుని ఉంటుంది. చివరి మలుపుల్లో ముఖాన్ని క్యాపుకు ఎదురుగా పెట్టవద్దు, అరచేత్తో గట్టిగా నొక్కిపట్టి విప్పండి. కొన్ని బైకుల్లో మరలు లేని క్యాపును తీగ క్లిప్పు పట్టి ఉంచుతుంది. అక్కడ క్యాపును ముందుగా కిందికి నొక్కి ఉంచాకే క్లిప్పును తీయాలి.

6. డిస్కును పట్టే బ్రేకు క్యాలిపర్‌ను విప్పి, దానిని గొట్టం మీద వేలాడనీయకుండా తాడుతో ఫ్రేముకు కట్టండి. ఏబీఎస్ ఉంటే సెన్సర్ తీగను కూడా విప్పి పక్కన పెట్టండి. క్యాలిపర్ బయట ఉన్నంతసేపు బ్రేకు లివరును ఎవరూ నొక్కకుండా చూసుకోండి, ఇంట్లో పిల్లలుంటే మరీ జాగ్రత్త. చక్రం, మడ్‌గార్డు తీసి, పై టీ నుంచి పైపు ఎంత పొడుచుకు వచ్చి ఉందో కొలిచి రాసుకున్న తరువాతే ఫోర్కు కాళ్లను కిందికి లాగండి.

7. పాత ఆయిల్‌ను జగ్గులోకి వంచి, రంగు, పరిమాణం చూడండి. రెండు కాళ్లలో వేరువేరు పరిమాణాలు వస్తే, ఇంతకాలం మీకు తెలియని సమస్యకు కారణం అక్కడే దొరికినట్టు. పాత ఆయిల్‌ను డబ్బాలో పోసి మూతపెట్టండి. కాలువలో పోస్తే అది చివరికి ఏదో ఒక చెరువుకు చేరుతుంది, బెంగళూరు చెరువులకు ఉన్న కష్టాలు చాలు. వాడిన ఇంజిన్ ఆయిల్‌ను డ్రమ్ములో పోగుచేసే గ్యారేజీకి ఇచ్చేయండి.

8. డ్యాంపర్ రాడ్‌ను పట్టి ఉంచే అలెన్ బోల్టు ఫోర్కు అడుగున లోతుగా ఉంటుంది. అది ఊడి రాకుండా లోపలి రాడ్ కూడా దానితో పాటే తిరగడం అందరికీ ఎదురయ్యే చిక్కు. స్ప్రింగును, క్యాపును తాత్కాలికంగా తిరిగి పెట్టి, ఫోర్కును నేలకు నొక్కి పట్టి తిప్పితే, స్ప్రింగు ఒత్తిడికి రాడ్ ఆగి బోల్టు సాధారణంగా వదులుతుంది. లేకుంటే ఇంపాక్ట్ గన్ ఉన్న గ్యారేజీకి తీసుకువెళ్లండి, అక్కడ ఒక నిమిషం పని. అలెన్ కీ మీద సుత్తితో బాది బోల్టు తల గుండ్రమైతే లేత్ షాపు ఖర్చు మీద పడుతుంది. ఈ పని మీ వల్ల కాదనిపిస్తే ఇక్కడ ఆగిపోయినా నష్టం లేదు. సీళ్లు కారకుండా ఉంటే స్ప్రింగు, ఆయిల్ మార్చడానికి రాడ్‌ను తీయనక్కరలేదు.

రాడ్ తీసినవారు, దాని కొనకు తొడిగి ఉండే చిన్న శంఖాకారపు ముక్క ఎటువైపు తిరిగి ఉందో ఫోటో తీసుకోండి. ఫోర్కు పూర్తిగా కుంగినప్పుడు ఆయిల్ దిండులా పనిచేయడానికి ఆ ముక్కే కారణం. చాలామంది దానిని ఫోర్కు బాటమ్‌లోనే (కింది లావుపాటి భాగంలోనే) మరిచిపోతారు, లేదా కిరోసిన్ పళ్లెంలో పోగొట్టుకుంటారు.

స్ప్రింగు సంగతి

9. మీ సాగ్ 35 శాతం దాటి ఉంటే ముందుగా స్ప్రింగు పైన కూర్చునే ప్రీలోడ్ స్పేసర్‌ను 5 మి.మీ. పొడవైనదిగా మార్చి మళ్లీ కొలవండి. మందపాటి గోడ ఉన్న పీవీసీ పైపును అడ్డంగా, ఏమాత్రం వాలు లేకుండా కోసి, రెండు చివరలా స్టీలు వాషర్లు పెడితే స్పేసర్ సిద్ధమవుతుంది.

స్పేసర్ స్ప్రింగును గట్టిపరచదు. బండి నిలబడే ఎత్తును మాత్రమే మారుస్తుంది. సాగ్ సరైన కొలతకు వచ్చాక కూడా బ్రేకు పట్టినప్పుడు కేబుల్ టై చివరంటా పోతోందంటే స్ప్రింగే మీ బరువుకు మెత్తనిదని అర్థం. దానికి ఇంకాస్త స్పేసర్ పెట్టి సరిపుచ్చితే, ఫోర్కు ఎప్పుడూ పైకి చాచుకునే ఉండి, చక్రం గుంతలోకి దిగదు. మీ బరువు, మీరు ఊరికి వెళ్లేటప్పుడు వెనుక కూర్చునేవారి బరువు, సామాను చెప్పి, ఒకే గట్టిదనం ఉన్న లీనియర్ స్ప్రింగులు కొనండి. అమ్మేవారు గట్టిదనాన్ని మిల్లీమీటరుకు ఇన్ని కిలోలు లేదా ఇన్ని న్యూటన్లు అని చెప్పగలగాలి. "కొంచెం హార్డు" అనే మాటకు కొలత లేదు.

డబ్బు తక్కువగా ఉంటే ఒక ప్రత్యామ్నాయం ఉంది. పనిచేసే చుట్లు తగ్గితే స్ప్రింగు అదే నిష్పత్తిలో గట్టిపడుతుంది, కనుక 50 చుట్లున్న లీనియర్ స్ప్రింగులో 5 చుట్లు కోస్తే అది సుమారు 11 శాతం గట్టిపడుతుంది. తగ్గిన పొడవును స్పేసర్‌తో భర్తీ చేయాలి, కోసిన చివరను చదునుగా రుద్దాలి, మిగిలిన చుట్లు పూర్తిగా కుంగినప్పుడు ఒకదానికొకటి తాకవని లెక్క చూసుకోవాలి. కోసిన చివరి చుట్టును నిప్పుమీద కాల్చి అణచే వారి దగ్గర ఈ పని చేయించవద్దు, ఎర్రగా కాలిన చోట స్ప్రింగు గుణం పోతుంది. ఒక కాలి స్ప్రింగును కోసి, రెండోదానిని వదిలేయడం కూడా చూశాను, అలా చేయకండి.

తిరిగి అమర్చడం, ఆయిల్ నింపడం

10. కొత్త సీలు తొడిగే ముందు పైపు అంచుకు పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, సీలు పెదవికి ఫోర్కు ఆయిల్ పూసి, అక్షరాలున్న వైపు పైకి ఉండేలా దించండి. సీలును స్క్రూడ్రైవరుతో ఒక్కొక్క పక్కన కొడితే అది వంకరగా కూర్చుని చిరుగుతుంది. సీలు బయటి వ్యాసానికి సరిపోయే పీవీసీ పైపు ముక్కను నిలువుగా చీల్చి ఫోర్కు పైపు చుట్టూ పట్టుకుని, చుట్టూ సమంగా తట్టండి. క్లిప్పు దాని గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో చూడండి. అడుగు బోల్టుకు కొత్త రాగి వాషర్ తప్పనిసరి.

11. మొత్తం పనిలో ఎక్కువ ఓపిక చూపవలసింది ఆయిల్ కొలత దగ్గరే. మాన్యువల్‌లో రెండు రకాల అంకెలుంటాయి: ఇన్ని మి.లీ. అనే పరిమాణం, ఫోర్కు అంచు నుంచి ఆయిల్ మట్టం వరకు ఇన్ని మి.మీ. ఖాళీ అనే ఎత్తు. ఎత్తునే నమ్మండి. పరిమాణాన్ని మాత్రమే నమ్మితే, పూర్తిగా విప్పి కడిగిన ఫోర్కుకూ, ఊరికే వంచి పాత ఆయిల్ కార్చిన ఫోర్కుకూ తేడా వస్తుంది, ఎందుకంటే వంచినదాని గోడలకు కొంత ఆయిల్ అంటుకునే ఉంటుంది.

స్ప్రింగు, స్పేసర్ బయటే ఉంచండి. ఆయిల్ పోసి, పైపును నెమ్మదిగా పదిహేను ఇరవై సార్లు పైకి కిందికి ఆడించండి. మొదట్లో బుడబుడమని తేలికగా ఆడుతుంది, గాలి పోయాక కదలిక ఒకే తీరుగా బరువెక్కుతుంది. పది నిమిషాలు నిలువుగా వదిలేయండి. పైపును పూర్తిగా కిందికి దింపి, సిరంజి గొట్టాన్ని మాన్యువల్ చెప్పిన ఖాళీ పొడవు దగ్గర గుర్తుపెట్టి, గుర్తు ఫోర్కు అంచుకు తాకేలా దించి, గొట్టంలోకి ఇక ఆయిల్ రానంత వరకు పీల్చేయండి. రెండో కాలికి కూడా ఇదే చేయండి. రెండు కాళ్ల మధ్య ఒక మిల్లీమీటరు తేడా కూడా వద్దు.

ఆయిల్ మట్టం డ్యాంపింగ్‌ను మార్చదు, ఆయిల్ పైన మిగిలే గాలిని మారుస్తుంది. ఖాళీ తగ్గేకొద్దీ ఆ గాలి చివరి ప్రయాణంలో గట్టి స్ప్రింగులా అడ్డుపడుతుంది. కాబట్టి ఫోర్కు మామూలుగా బాగుండి, పెద్ద గుంతల్లో మాత్రమే అడుగు తాకుతుంటే ఖాళీని 5 మి.మీ. తగ్గించి చూడండి. మాన్యువల్ అంకెకు 10 మి.మీ. మించి దూరం పోవద్దు, ఆయిల్ మరీ ఎక్కువైతే సీలు చీలుతుంది.

ఏ చిక్కదనం వాడాలి? మొదటిసారి మాన్యువల్ చెప్పినదే పోయండి. గట్టి స్ప్రింగులు వేసినవారు ఒక మెట్టు పైకి వెళ్లవచ్చు, ఎందుకంటే గట్టి స్ప్రింగు తిరిగి లేచేటప్పుడు బలంగా తంతుంది. మధ్యస్థంగా కావాలంటే ఒకే బ్రాండులోని 10, 15 నంబర్లను సమపాళ్లలో కలపవచ్చు. డిసెంబరు ఉదయం బెంగళూరు చలిలో సరిగ్గా ఉన్న ఫోర్కు, మే నెలలో 40 డిగ్రీలు దాటే అనంతపురం ఎండలో కాస్త వదులుగా తోస్తుంది, వేడికి ఆయిల్ పల్చబడుతుంది. ఆ ఒక్క ప్రయాణం కోసం చిక్కటి ఆయిల్ ఎంచుకోవద్దు, మీరు సంవత్సరమంతా తిరిగే చోటును బట్టి ఎంచుకోండి.

12. ఫోర్కులను టీల్లోకి ఎక్కించి, ముందు రాసుకున్న ఎత్తుకు సరిచేసి, కింది టీ బోల్టులను, క్యాపులను, ఆ తరువాత పై టీ బోల్టులను మాన్యువల్ టార్క్‌కు బిగించండి. చక్రం, మడ్‌గార్డు, క్యాలిపర్ పెట్టండి. ఇరుసు నట్టును బిగించండి గాని, ఇరుసును బాటమ్‌కు పట్టి ఉంచే పించ్ బోల్టును వదులుగానే ఉంచండి. బ్రేకు లివరును గట్టిపడేంత వరకు నొక్కి ప్యాడ్లను డిస్కుకు చేర్చాక, బండిని నేలమీదికి దించి, ముందు బ్రేకు పట్టి, ఫోర్కును ఆరేడు సార్లు బలంగా కుంగదీయండి. అప్పుడు రెండు కాళ్లూ ఒకదానికొకటి సమాంతరంగా సర్దుకుంటాయి. ఆ తరువాతే పించ్ బోల్టును బిగించండి. ఈ చిన్న పని వదిలేసినందుకే రాపిడి పెరిగి, వేల రూపాయల స్ప్రింగులు వేసినా ఫోర్కు మొరాయించిన బండ్లను చూశాను.

ఎమ్యులేటర్ వేయాలనుకునేవారికి

ఇంతవరకు చేశాక కూడా బ్రేకులో కుంగడమూ, గుంత అంచుల్లో దెబ్బ తగలడమూ రెండూ మిగిలి ఉంటే, రేస్ టెక్ గోల్డ్ వాల్వ్ ఎమ్యులేటర్ వంటి వాల్వు మీకు ఉపయోగపడుతుంది. అది డ్యాంపర్ రాడ్ తలమీద, స్ప్రింగు కింద కూర్చుంటుంది. నెమ్మది కదలికలో చిన్న రంధ్రం గుండా మాత్రమే ఆయిల్‌ను వదిలి, దెబ్బ తగిలినప్పుడు స్ప్రింగు మీద కూర్చున్న పళ్లెం తెరుచుకుని దారి ఇస్తుంది.

దీనికి డ్యాంపర్ రాడ్ అడుగు రంధ్రాలను పెద్దవి చేయించాలి. మామూలుగా 8 మి.మీ. రంధ్రాలు ఆరు, ఎదురెదురుగా జంటలుగా, ఒక్కో జంట ఒక్కో ఎత్తులో ఉండేలా పెడతారు. ఎమ్యులేటర్ కంపెనీ ఇచ్చిన కాగితాన్ని లేత్ షాపుకు తీసుకువెళ్లండి, పీణ్యలో ఇటువంటి చిన్న పని చేసేవారికి కొదవలేదు. రంధ్రాల అంచుల్లో మిగిలే ఇనుప పొట్టును లోపలా బయటా పూర్తిగా రుద్దించండి. రాడ్ పైభాగంలోని చిన్న రంధ్రాన్ని తాకవద్దని రెండుసార్లు చెప్పండి, వీలైతే దానిమీద టేపు అంటించి ఇవ్వండి. ఫోర్కు తిరిగి లేవడాన్ని అదుపు చేసేది ఆ రంధ్రమే, అది పెద్దదైతే రాడ్ పారేయాలి. ఒకసారి రంధ్రం చేశాక ఎమ్యులేటర్ లేకుండా ఆ రాడ్ పనికిరాదు, కనుక ముందే ఒక జత రాడ్లు అదనంగా కొని వాటికే రంధ్రాలు చేయించడం తెలివైన పని.

ఎమ్యులేటర్ మందం ఎంతో అంత పొడవు స్పేసర్‌లో తగ్గించండి. ఆయిల్ ఎత్తును ఎమ్యులేటర్ లోపల ఉండగా, స్ప్రింగు లేకుండా కొలవండి. ఇక్కడ ఆయిల్ చిక్కదనం ప్రధానంగా తిరిగి లేచే కదలికనే శాసిస్తుంది, కనుక చాలామంది 15డబ్ల్యుతో మొదలుపెడతారు. వాల్వు స్ప్రింగు మలుపులను కంపెనీ చెప్పిన అంకె దగ్గర పెట్టండి, రెండింటికీ సమానంగా. తరువాత మార్చవలసి వస్తే క్యాపు, స్పేసర్, స్ప్రింగు తీసి, కొన వంచిన పొడవాటి తీగతో ఎమ్యులేటర్‌ను పైకి లాగవచ్చు, ఫోర్కు మొత్తం విప్పనవసరం లేదు.

మరో బైకు ఫోర్కు మొత్తాన్ని తెచ్చి బిగించే ఆలోచన ఉన్నవారికి ఒక్క మాట. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ మూల వివరాలకు భిన్నమయ్యే మార్పు చేయకూడదు. బీమా గొడవ సరేసరి. ఉన్న ఫోర్కునే సరిచేసుకోవడం చౌక కూడా.

ఫలితాన్ని సరిచూసుకోవడం

మొదటి కిలోమీటరు మీ వీధిలోనే, నెమ్మదిగా నడపండి. బ్రేకు రెండు మూడు సార్లు పరీక్షించండి. నిలబడి ఉన్న బండిని ముందు బ్రేకు పట్టి కుంగదీసి వదిలితే, ముందుభాగం లేచి, కొంచెం దాటి, వెనక్కి ఒక్కసారి సర్దుకుని ఆగాలి. రెండోసారి ఊగితే తిరిగి లేచే డ్యాంపింగ్ చాలలేదు, ఆయిల్ చిక్కదనం ఒక మెట్టు పెంచండి. బద్ధకంగా, ఆవులిస్తున్నట్టు లేస్తే ఎక్కువైంది, ఒక మెట్టు తగ్గించండి.

ఆ తరువాత వరుసగా నాలుగైదు చిన్న హంపులు వేసిన చోటికి వెళ్లండి, బెంగళూరులో వెతుక్కోనక్కరలేదు. మొదటి హంపు మెత్తగా, చివరి హంపు గట్టిగా తగిలితే, ఫోర్కు ఒక హంపు నుంచి మరో హంపుకు మధ్య తిరిగి లేవలేక మెట్టుమెట్టుగా కుంగిపోతోందన్నమాట. చాలామంది దీనిని ఫోర్కు మెత్తనైందని భావించి ఇంకా చిక్కటి ఆయిల్ పోస్తారు. చేయవలసింది సరిగ్గా దానికి తారుమారు: ఆయిల్‌ను పల్చన చేయాలి.

నున్నటి రోడ్డు మీద చిన్న అతుకులు కూడా చేతికి చురుక్కుమని తగులుతుంటే, ఆయిల్‌ను నిందించే ముందు పించ్ బోల్టు వదులు చేసి 12వ అంచెను మళ్లీ చేయండి. ఎమ్యులేటర్ ఉన్నవారు ఆపైన వాల్వు స్ప్రింగును అరమలుపు వదులు చేసి చూడవచ్చు. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, తేదీ, కిలోమీటర్లు, ఏమి మార్చారో నోటుబుక్కులో రాయండి, ప్రతిసారీ అదే దారిలో అదే టైరు గాలితో నడపండి. ఆయిల్, స్పేసర్ రెండూ ఒకే రోజు మార్చి, ఏది పనిచేసిందో తెలియక నా దగ్గరికి వచ్చినవారికి నేను చెప్పగలిగిందేమీ ఉండదు.

కేబుల్ టై గుర్తును మళ్లీ చూడండి. గట్టి బ్రేకు, పెద్ద గుంత రెండూ తగిలిన ప్రయాణంలో టై ప్రయాణం చివరికి 10 నుంచి 15 మి.మీ. దూరంలో ఆగితే ఫోర్కు తన పని తాను చేస్తోంది. 300 కిలోమీటర్లు తిరిగాక టీ బోల్టులను, పించ్ బోల్టును టార్క్ రెంచ్‌తో మరోసారి సరిచూసి, పైపును పొడి గుడ్డతో తుడిచి, మరుసటి రోజు సీలు చుట్టూ ఆయిల్ ఉంగరం ఏర్పడిందేమో గమనించండి. పల్చటి తేమ చార మామూలే. చుక్క కారి బ్రేకు డిస్కు వైపు జారుతుంటే మాత్రం బండిని అక్కడే ఆపి, ఆ సీలును మార్చాకే మళ్లీ రోడ్డెక్కించండి.